రెండో రాయి

భీమిలిలో బస్సు దిగేసరికి ముత్తక్క కాళ్లు తిమ్మిరెక్కాయి. కూతురు భవాని భుజం పట్టుకుని నిలబడి, రెండు పాదాలూ నేలకేసి తట్టి, చుట్టూ చూసింది. గాలినిండా ఎండుచేపల వాసన. ఎక్కడినుంచో ఆగకుండా ఒకటే హోరు.

"ఏంది బిడ్డా ఆ చప్పుడు? ఈడ గూడ మిల్లున్నదా?" అని అడిగింది.

కొడుకు వీరబాబు సారపాకలో ఉంటాడు, కాగితం మిల్లులో కాంట్రాక్టు పని. వాడింటికి వెళ్లినప్పుడల్లా రాత్రీ పగలూ ఇలాంటి హోరే వినిపిస్తుంది ఆమెకు.

"మిల్లు కాదమ్మా, సముద్రం," అంది భవాని.

భవాని విశాఖపట్నంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. కిందటి వారం సెలవు మీద ఇంటికి వెళ్లి తల్లిని చూసి భయపడింది. ముత్తక్క సగానికి సగమైపోయింది. అన్నం కలిపి ముందు పెట్టుకుని ఏదో ఆలోచిస్తూ చెయ్యి ఎండబెట్టుకునేది. పిలిస్తే రెండోసారికి గానీ పలికేది కాదు. "నాలుగు రోజులు నా దగ్గరుందువు గాని రా," అని భద్రాచలంలో బస్సెక్కించి వెంట తీసుకొచ్చింది. ఆదివారాలు ఒకావిడ భీమిలి తీరం పొడవునా నడిపిస్తూ పాతకాలపు కట్టడాలు చూపిస్తుందని ఆసుపత్రిలో ఎవరో చెబితే, తల్లికి కాస్త మనసు మళ్లుతుందని ఇద్దరి పేర్లూ ఇచ్చింది.

ముత్తక్క మనసులో ఉన్నది మళ్లే సంగతి కాదు. అది ఆమె భర్త భీమయ్య రాయి సంగతి.

వాళ్లది దుమ్ముగూడెం వైపు అడవిలో ఒక కోయగూడెం. మనిషి పోయాక వాగొడ్డున, పెద్దల రాళ్ల సరసన, అతని పేర ఒక రాయి నిలబెట్టి, దాని మొదట్లో సారా పోసి అన్నం పెడతారు. రాయి నిలబెట్టాకే పోయినవాడికి ఒక చోటు దొరికినట్టు. భీమయ్యకూ అలాగే నిలబెట్టారు. ఏడాది తిరక్కముందే గోదావరి పొంగింది. వాగు వెనక్కి తన్నింది. నీళ్లు తీశాక చూస్తే ఒడ్డంతా నిలువెత్తు ఒండ్రు. పాతరాళ్లు కొన్ని మట్టిలోంచి తలలు చూపించాయి. భీమయ్య రాయి మాత్రం కనిపించలేదు. పడిపోయిందో, కొట్టుకుపోయిందో, మట్టికిందే అలాగే నిలబడి ఉందో ఎవరికీ తెలియలేదు. ఊరంతా కలిసి తవ్వి చూసినా దొరకలేదు.

"కొత్తది పెడదామే, ఏమైతది?" అన్నాడు వీరబాబు.

క్రతువు చేయించే పెద్దమనిషి జంపయ్య ఒప్పుకోలేదు. "ఒక్కసారి పిలిచి కూసోబెట్టినోణ్ని మళ్లొకచోటికి ఎట్ల పిలుస్తమయ్యా? ఆడుండాల్నా, ఈడుండాల్నా అని వాడు తిప్పలపడడా?"

ఇద్దరూ వాదించుకుని వాదించుకుని చివరికి, "ముత్తక్క ఎట్లంటే గట్ల," అనేశారు. అదే ఆమె కొంప ముంచింది. పొద్దున కొడుకుతో సరేనంటుంది. సాయంత్రం జంపయ్య గుమ్మం ముందు నిలబడి వద్దులే అంటుంది. కొత్త రాయి పెట్టకపోతే ఆయన మట్టికింద ఊపిరాడక ఉంటాడేమో అనిపిస్తుంది. పెడితే, తన చోటు వదిలి రాలేక, వచ్చినా ఉండలేక తిరుగుతాడేమో అనిపిస్తుంది. రెండేళ్లుగా ఇదే వరస.

నడక నడిపించే ఆవిడ పేరు ప్రమీలారాణి. చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన లెక్చరరు. తలకు గుడ్డటోపీ, కాళ్లకు బూట్లు. వచ్చిన పదిహేనుమందినీ కూడగట్టుకుని ముందు దీపస్తంభం దగ్గరికి తీసుకెళ్లింది. తెల్లటి గుండ్రటి బురుజులా ఉందది. "పూర్వం రాత్రిపూట ఓడలవాళ్లకి ఒడ్డు ఇక్కడుందని తెలియడానికి ఈ దీపమే ఆధారం," అని చెప్పింది. ఆ మాట ముత్తక్కకు అర్థమైంది. అడవిలో దారి తప్పినవాళ్లకోసం గుట్టమీద మంట వేస్తారు, అలాంటిదే అనుకుంది.

దీపస్తంభం పక్కనుంచి మలుపు తిరిగేసరికి సముద్రం కనిపించింది. అందరూ ఫోన్లు తీశారు. ముత్తక్క నిలబడిపోయింది. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ ఆమెకు తెలిసిన పెద్దనీళ్లు గోదావరి. దానికి అటో ఒడ్డు, ఇటో ఒడ్డు. ఏది వేసినా దిగువకే పోతుంది. వరదొచ్చినప్పుడు భయపడ్డా, నీళ్లు ఎటునుంచి వచ్చి ఎటు పోతున్నాయో చిన్నపిల్లకైనా తెలుసు. ఈ నీళ్లు మీదికి ఉరికి వస్తున్నాయి. వచ్చినవి వచ్చినట్టే వెనక్కి పోతున్నాయి.

"ఇది ఎటు పోతది టీచరమ్మా?" అని అడిగింది.

ప్రమీలారాణి నీళ్లవైపు చూసింది. "ఎటూ పోదమ్మా. ఇక్కడే ఉంటుంది."

"మరి గింత ఉరుకుడెందుకు?"

ఎవరో నవ్వారు. భవాని తల్లి చెయ్యి నొక్కింది. ముత్తక్క హాస్యానికి అనలేదు. ఎటూ పోనిదానికి ఇంత ఆయాసమేమిటో ఆమెకు నిజంగానే తోచలేదు.

అక్కడినుంచి ఊళ్లోకి మళ్లి, గంటస్తంభం చూసి, డచ్చివాళ్ల శ్మశానానికి వచ్చారు. గేటు దాటగానే ముత్తక్క అడుగు తడబడింది. గడ్డిలో రాళ్లు. కొన్ని పలకల్లా పడుకుని ఉన్నాయి. కొన్ని కోసుగా, మనిషికంటే ఎత్తుగా నిలబడి ఉన్నాయి. నిలబడ్డవాటిని చూడగానే ఆమె చేతులు వాటంతటవే జోడించుకున్నాయి.

"వీళ్లు హాలండు దేశంనుంచి వ్యాపారానికొచ్చి, జ్వరాలకీ యుద్ధాలకీ ఇక్కడే పోయినవాళ్లు," అని చెబుతోంది ప్రమీలారాణి. "మూడు వందల ఏళ్లనాటి సమాధులు కూడా ఉన్నాయి."

"వీళ్ల పిల్లలొస్తరా ఈడికి?" అడిగింది ముత్తక్క.

"ఎక్కడమ్మా! ఎప్పుడో ఎవరైనా దేశం చూడ్డానికి వచ్చినవాళ్లు వచ్చి చూసిపోతారు, అంతే."

"మరి సారా ఎవరు పోస్తరు? అన్నం ఎవరు పెడతరు?"

"మన ప్రభుత్వమే కాపాడుతోంది. గడ్డి కోయిస్తారు. గేటుకి తాళం వేస్తారు."

ముత్తక్క ఒక రాయిని చూపించింది. దానిమీద అక్షరాలు పూర్తిగా అరిగిపోయాయి. "ఇదెవరిది?"

"అది తెలియదమ్మా. చెరిగిపోయింది."

"తెల్వకుండనే కాపాడుతున్రా?"

"అవునమ్మా," అంది ప్రమీలారాణి. ఆ మాటమీద తనే ఒకసారి ఆ రాతివైపు కొత్తగా చూసింది. తర్వాత ఎవరో ఇంకేదో అడిగితే అటు తిరిగింది.

ముత్తక్క కదల్లేదు. అందరూ ముందుకు పోతున్నా ఆ అరిగిన రాయి దగ్గరే గడ్డిలో కూర్చుంది. కోపపడాలో జాలి పడాలో తెలియలేదు. తన మనిషి పేరు తెలుసు, ఊరు తెలుసు, నవ్వు తెలుసు, రాయి లేదు. ఇక్కడ రాయి ఉంది, మనిషెవరో తెలియదు. తెలిసినవాడికి చోటు లేదు, తెలియనివాడికి కాపలా. ఇందులో ఏది ముఖ్యం? రాయా, తెలియడమా? ఆలోచించినకొద్దీ ముడి బిగుసుకుంది. ఉత్తచేతులతో లేవడం మర్యాద కాదనిపించి, సంచిలోని సీసా తీసి రాయి మొదట్లో కాసిని మంచినీళ్లు పోసింది. "మీ వాళ్లు రారంట. నేనొచ్చిన," అని కోయలో చెప్పింది. చెప్పాక, ఆ మనిషికి ఈ భాష తెలుస్తుందా అని ఇంకో అనుమానం పట్టుకుంది.

లేచి చూస్తే ఒక్కరూ లేరు. భవాని, తల్లి తన వెనకే వస్తోందనుకుని అందరితోపాటు వెళ్లిపోయింది. ముత్తక్క గేటు బయటికొచ్చి కుడికి నాలుగడుగులు వేసింది. కాదనుకుని ఎడమకు తిరిగింది. వీధులన్నీ ఒకేలా ఉన్నాయి. అడవిలో అయితే చెట్టును చూసి, గుట్టను చూసి ఇల్లు చేరే మనిషి. ఇక్కడ ఏది గుర్తో తెలియక, చివరికి ఆ హోరు వినిపించేవైపే నడిచింది.

ఇసకలో ఒక మనిషి వలగుడ్డ పరిచి, ఎండేసిన చేపలు తిరగేస్తోంది. ముత్తక్క ఈడుదే ఉంటుంది. తలెత్తి చూసి, "ఏటి, తప్పిపోనావా?" అంది.

"అవ్, మా బిడ్డ ఎటో పోయింది."

"నువ్వు తప్పిపోయి బిడ్డ ఎటో పోనాదంతావేటి!" అని నవ్విందామె. "ఒకేదగ్గిర కూకో. ఎతుక్కుంతా ఆవిడే వత్తాది. మీదే ఊరు?"

"బద్రాచలం కాడ."

"రాములోరి దగ్గిరా! కూకో, కూకో."

ఆమె పేరు నూకాలు. ముత్తక్క ఊరికే కూర్చోలేక తనూ చేపలు తిరగెయ్యసాగింది. ఇప్పపువ్వు ఎండేసినా ఇంతే, ఒకవైపు ఎండాక రెండోవైపు. చెయ్యి పనిలో పడ్డాక నోరు దానంతటదే తెరుచుకుంది. ఎవరితోనూ పూర్తిగా చెప్పని సంగతి ముక్కూమొహం తెలియని ఆ మనిషికి చెప్పేసింది. రాయి సంగతి, వరద సంగతి, కొడుకు మాట, జంపయ్య మాట.

నూకాలు అంతా వింది. "మా ఆయన బోటుమీద ఎల్లినోడు రాలేదు," అంది చేపలు తిరగేస్తూనే. "ఒల్లు దొరకలేదు. మా మరిదేమో ఒడ్డుమీద సిన్న గుడిలాగ కట్టేద్దుము వదినా అన్నాడు. నానొద్దన్నాను. కట్టీసినామంటే సచ్చిపోనాడని ఒప్పీసుకున్నట్టే గదా. మల్లా కొన్నేల్లకి నానే కట్టించాను."

ముత్తక్క చెయ్యి ఆగింది. "ఏది మంచిగనిపించింది నీకు? కట్టకముందా, కట్టినంకనా?"

"ఏదీ బాగోలేదు. కట్టనప్పుడు కట్టలేదని ఏడిసేదాన్ని. కట్టినాక, కట్టీసినానని ఏడిసాను. ఇప్పుడా? పొద్దున్నే దీపం ఎట్టి, ఇలగొచ్చి నా పని సేసుకుంతన్నాను."

ఆమె ఇంకేదో చెబుతుందేమోనని ముత్తక్క చూసింది. నూకాలు అవతలి వరసకు జరిగి కూర్చుంది.

ఇంతలో భవాని పరుగెత్తుకుంటూ వచ్చింది. జుట్టు రేగిపోయింది. చెప్పులు చేతిలో ఉన్నాయి. ఆమె వెనక దూరంగా ప్రమీలారాణి ఇసకలో రొప్పుకుంటూ వస్తోంది.

"ఏడ పోయినవమ్మా! గల్లీగల్లీ తిరిగినం! నీకేమన్న అయితే అన్నకేం చెప్పాలె నేను?"

"ఆ రాయి కాడ కూసున్న బిడ్డా. నువ్వే చూస్కోకుండ పోయినవ్."

"రాయి, రాయి, రాయి!" భవాని చేతిలోని చెప్పులు ఇసకలోకి విసిరింది. "రెండేండ్ల నుంచి ఇదే ముచ్చట. అన్న ఒకటంటడు, జంపయ్య మామ ఒకటంటడు, నువ్వు రెండంటవ్. నన్నొక్కలన్న అడిగిన్రా? నాయిన పోయినప్పుడు కరోనా వార్డుల డ్యూటీల ఉన్న, రానియ్యలే. రాయి నిలబెట్టినప్పుడు లీవు దొరకలే. పండుగకొచ్చి చూస్త అనుకున్న. వరదొచ్చె. మీరందరు పోయింది పోయింది అంటున్రు. నేనా రాయి చూడనే లేదమ్మా! ఎత్తుంటదో, పొట్టిగుంటదో కూడ నాకు తెల్వది."

అని ఇసకలో కూలబడి, చిన్నపిల్లలా ఏడ్చింది.

ముత్తక్క ఇన్నాళ్లూ ఆ రాయి తనకూ భీమయ్యకూ మధ్య సంగతి అనుకుంది. ఆయన ఎక్కడుంటాడు, ఎలా ఉంటాడు, అదే ధ్యాస. ఈ పిల్ల ఎక్కడ నిలబడి తండ్రికి దండం పెట్టుకోవాలో ఒక్కనాడూ తలుచుకోలేదు. కూతురి తల ఒళ్లోకి తీసుకుంది. చేతులు చేపల కంపు కొడుతున్నాయని గుర్తొచ్చి తియ్యబోయింది. భవానే వదల్లేదు.

ప్రమీలారాణి దగ్గరికొచ్చి ఇద్దరినీ చూసి, నూకాలు పక్కన ఇసకలో తనూ చతికిలబడింది.

ఊరికి తిరిగొచ్చిన మర్నాడే ముత్తక్క జంపయ్య ఇంటికి వెళ్లింది. "రాయి పెడదాం," అంది. "నీ మాట తప్పంటలేను. నాకిప్పటికీ ఏది సరైందో తెల్వది. కానీ మా భవానికి కావాలె."

జంపయ్య ఆరిపోయిన చుట్ట మళ్లీ వెలిగించుకున్నాడు. "రెండో పిలుపు మా నాయిన పిలవంగ చూడలే, మా తాత పిలవంగ వినలే," అన్నాడు. "ఏమని పిలవాల్నో రేపటిదాక ఆలోచించుకోనియ్యి."

రేపటికి కాదు, వారానికి సరేనన్నాడు. వీరబాబు గుట్టకింద వెతికి రాయి తెచ్చాడు. వరద అందని మిట్టమీద గుంత తీశారు. భవాని ఈసారి ముందే సెలవు పెట్టి వచ్చింది. రాయి నిలబెట్టి, మొదట్లో సారా పోశాక, జంపయ్య చాలాసేపు కళ్లు మూసుకున్నాడు. తర్వాత కోయలో, పక్కింటివాడిని పలకరించినట్టు చెప్పాడు: "భీమయ్యా, ఇది నీ రాయే. వాగుకాడిది గూడ నీదే. నీకు ఏది దగ్గరైతే ఆడ కూసో. కోపం చేసుకోకు. నీ బిడ్డ అడిగింది."

భవాని రాయిని రెండు చేతులా తడిమింది. "నాయినంత ఎత్తున్నదా అమ్మా?"

"లేదు, జర పొట్టి," అంది ముత్తక్క. వీరబాబు చిన్నబుచ్చుకున్నాడు. భవాని కళ్లు తుడుచుకుంటూనే నవ్వింది.

ఇప్పపువ్వు రాలే కాలం వచ్చింది. ముత్తక్క మళ్లీ అన్నం తింటోంది, గంప పట్టుకుని తెల్లవారకముందే అడవికి పోతోంది. పోతూ మిట్టమీద ఆగి, వీరబాబు సంగతీ భవాని ఫోనులో చెప్పిన సంగతీ భీమయ్యకు చెబుతుంది. నాలుగడుగులు వేశాక ఆగి, వాగువైపు తిరిగి, అవే సంగతులు మళ్లీ మొదటినుంచి చెబుతుంది.

ఒకరోజు జంపయ్య అది చూశాడు. "గిదేంది ముత్తక్కా, ఇంక గూడ రెండుచోట్ల చెప్తున్నవ్?"

"ఏడున్నడో నాకేమెరుక జంపయ్యా?" అంది ముత్తక్క. "నీకు తెలుసా?"

జంపయ్య మిట్టవైపు చూశాడు. వాగువైపు చూశాడు. తెలియదన్నట్టు తలూపాడు. ముత్తక్క గంప నెత్తికెత్తుకుని, పువ్వు ఎండెక్కకముందే ఏరుకోవాలని గబగబా అడవిలోకి నడిచింది.