ఉత్త నీళ్ళ పళ్ళెం

పదకొండు పొలాల మట్టిలో ఒకే బూజా? నాకు ఒళ్ళు మండిపోయింది.

వేరుశనగ గింజల్లోకి విషం వదిలి, తిన్నవాళ్ళ కాలేయాన్ని పాడుచేసే ఆకుపచ్చ బూజు మీద మా ల్యాబు పని. పొలం మట్టిని నీళ్ళలో కలిపి, బూజుకు మేత పరిచిన గాజు పళ్ళేల్లో పోస్తాం. మొలిచిన బూజు జన్యుక్రమం మొత్తం, మూడు కోట్ల డెబ్బై లక్షల అక్షరాలూ యంత్రం చేత చదివించి, విషం చేసే రకం ఎవరి పొలంలో ఉందో రైతులకు చెబుతాం. పక్కపక్క చాళ్ళలోనే రకాలు మారిపోతుంటాయి. అలాంటిది పదకొండు పొలాలవీ అక్షరం పొల్లుపోకుండా ఒక్కటే.

మట్టి తెచ్చేది ఎవరో కాదు, మా మరిది. తాత్కాలిక ఉద్యోగం, నేనే చెప్పి వేయించాను. సోమవారం పర్మినెంట్ ఆర్డరు రావాలి. ఎండకు జడిసి, ఒకే గట్టు పక్క మట్టిని పదకొండు సంచుల్లోకి ఎత్తేశాడని నాకు అర్థమైపోయింది. ఇలా ఇట్టే అర్థం చేసేసుకోవడంలో నన్ను మించినవాళ్ళు లేరని మా ఆయన దెప్పుతుంటాడు.

మట్టి తెచ్చిన రోజు వీడి బూట్లకు దుమ్ము లేదు. మధ్యాహ్నానికల్లా ఇంట్లో ఉన్నాడు. అడక్కుండానే పొలాల కబుర్లు చెప్పాడు. అప్పుడు చలాకీతనం అనుకున్నవన్నీ ఇప్పుడు దొంగవేషాల్లా తోచాయి.

వంటింట్లో నిలదీశాను.

"పదకొండూ తిరిగాను వదినా. ఒట్టు."

"బుకాయించకు. బూజు అబద్ధం చెప్పదు."

వాడు ఇంకో మాట మాట్లాడలేదు. ఒప్పుకున్నట్టే అనుకున్నాను. మర్నాడు మా ల్యాబు పెద్ద మేడమ్‌కి వాడి మీద ఫిర్యాదు ఉత్తరం ఇచ్చేశాను, సొంతవాళ్ళనైనా వదలనని కాస్త గర్వంగానే. ఆవిడ ఆర్డరు ఆపించారు. తర్వాత నా రిపోర్టు తిరగేసి, ఉత్త నీళ్ళ పళ్ళెం ఏదని అడిగారు.

ప్రతిసారీ ఆఖరున మట్టి కలపని నీళ్ళతో ఒక పళ్ళెం పెట్టాలి. అందులో ఏమీ మొలవకూడదు, మొలిస్తే తప్పు మాది. పళ్ళేలు తక్కువై ఈసారి దాన్ని ఎగ్గొట్టాను. మేడమ్ కోప్పడలేదు. సీసాలో మిగిలిన నీళ్ళు పోసి చూడమన్నారు.

నాలుగో రోజుకు ఆకుపచ్చగా మొలిచింది. చదివిస్తే అదే బూజు. బూజు చచ్చేలా నీళ్ళు కాచే పెద్ద కుక్కర్ని ఆ వారం టైము కాకముందే ఆపేసింది నేనే, త్వరగా ఇంటికి పోవాలని. నా నీళ్ళ బూజే అన్నిటినీ కమ్మేసింది. సరిగ్గా కాచిన నీళ్ళతో మళ్ళీ కలిపితే పదకొండు పొలాలూ పదకొండు రకాలు చూపించాయి. సిగ్గుతో చచ్చిపోయాను.

తప్పు నాదేనని మేడమ్‌తో చెప్పి, ఆపించిన ఆర్డరు ఇప్పించుకుని నేనే ఇంటికి పట్టుకెళ్ళాను. మరిదికి జరిగిందంతా చెప్పి, క్షమించమన్నాను. వాడు కాగితాన్ని రెండుసార్లు చదువుకున్నాడు.

"నీళ్ళలో ఏమీ మొలవకపోయుంటే?" అన్నాడు. "అప్పుడైనా నేను పదకొండు పొలాలూ తిరిగినవాణ్ణే కదా వదినా."

అన్నం వడ్డిస్తానంటే, తిని వచ్చానన్నాడు. తినలేదని నాకు తెలుసు. ఆ మాట అనడానికి మాత్రం ధైర్యం చాలలేదు.