దొరకని ఇళ్ళ గుమ్మం

ఫోను తెరమీద ఎర్రచుక్క కదలకుండా నిలిచేదాకా ఆగి, నొక్కి, అతను పక్క గుమ్మానికి నడిచాడు. ఇరవై ఏళ్ళు పార్సిళ్ళు మోసి మోకాళ్ళు అరిగాక దొరికిన పని ఇది. మ్యాపులో చిరునామా ఒకచోట, అసలు ఇల్లు మరోచోట ఉంటే, ఆ ఇంటి ముందు నిలబడి చుక్కను సరైన చోటికి జరపాలి. మోత లేదు, ఎవరినీ బతిమాలే పని లేదు. ఈ వయసులో ఇంతకంటే మంచి బేరం తగలదని అతని లెక్క. వీధుల్లో అతన్ని గుమ్మాలాయన అంటారు. పేరు అడిగినవాళ్ళు లేరు. "ఊరందరి గుమ్మాలూ ఎక్కుతావు, మన గుమ్మంలో బల్బు మాత్రం మార్చవు" అని భార్య పొద్దున్నే దెప్పింది.

ఆ రోజు జాబితాలో నలభై చిరునామాలు ఒకే ఇంటిమీద పడి ఉన్నాయి. నంబరు దొరకనప్పుడల్లా మ్యాపు చుక్కను పేట నడిమధ్యన పెట్టేస్తుంది. ఆ నడిమధ్యన బట్టలు కుట్టే ఒక ముసలామె ఇల్లుంది.

ఆమె గుమ్మంలో కూర్చుని చొక్కాకు గుండీ కుడుతోంది.

"రా బాబూ, ఎవరిల్లు కావాలి?" అంది, తలెత్తకుండానే.

"మీదేనమ్మా."

సూది ఆగింది. "నాదా? నా ఇంటికని వచ్చినవాడివి నువ్వే మొదటోడివి!" అని పగలబడి నవ్వి, కుర్చీ జరిపింది.

మంచాలు మోసుకొచ్చినవాళ్ళు, అద్దె ఇల్లు వెతికేవాళ్ళు, అందరూ ముందు ఇక్కడికే వస్తారట. "ఒకాయన పసిబిడ్డకని బొమ్మ తెచ్చి నా చేతిలో పెట్టాడు. గంటసేపు కబుర్లు చెప్పి, అప్పుడడిగాడు, బిడ్డేదండీ అని."

"మీవాళ్ళెవరూ రారా?"

"నావాళ్ళంతా తొందరపడి ముందే వెళ్ళిపోయారు."

అతను పని సంగతి చెప్పాడు. ఆమె గుండీ కుట్టడం పూర్తిచేసి దారం పళ్ళతో కొరికింది.

"ఇలాగే ఉండనివ్వకూడదా? ఎవరికేం నష్టం? దారి నేను చెప్తున్నాగా."

అతను మనసులో తూచి చూశాడు. ఒకవైపు ఈ కుర్చీ, ఈ నవ్వు. రెండోవైపు జాబితా చివర రాసి ఉన్న ఫిర్యాదు.

"ఎండాకాలంలో అంబులెన్సు కూడా ఇక్కడికే వచ్చిందటమ్మా."

ఆమె సూదిని దారపుండకు గుచ్చింది. "ఆ మలుపు దాకా పరిగెత్తి చూపించాను బాబూ. వాళ్ళు వెళ్ళేసరికి అక్కడ ఒక చిన్నపిల్ల తండ్రి పోయాడు."

తర్వాత మరో చొక్కా ఒళ్ళో వేసుకుంది. "సరే, నీ పని నువ్వు కానివ్వు. అయినా వస్తార్లే. ఏళ్ళ అలవాటు ఎక్కడికి పోతుంది?"

రారని అతనికి తెలుసు. ఆ మాట చెప్పకుండా లేచాడు.

పొద్దు వాలేసరికి నలభై చుక్కలూ ఆమె గుమ్మం విడిచి ఎవరి ఇంటికి అవి చేరాయి.

నెల తర్వాత సరిచూసుకోవడానికి వస్తే, ఆ తలుపుకు తాళం ఉంది. పక్కన ఇస్త్రీ చేసే అతను పెట్టె పక్కకు పెట్టాడు.

"పెద్దామె పోయి వారమైందండీ. నిద్రలోనే పోయింది. మూడు రోజులు ఎవరికీ తెలియనే లేదు. అంతకుముందైతే గంటకొకరు తలుపు కొట్టేవాళ్ళు. ఏమైందో, ఈమధ్య ఒక్కరూ రావట్లేదు."

గుమ్మాలాయన మళ్ళీ తూచాడు. ఒకవైపు నలభై ఇళ్ళు, ఒకవైపు ఒకటి. ఎన్నిసార్లు తూచినా తను చేసింది సరైనదే. అయినా ఆ గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

కిటికీ ఊచకు కాగితాల కట్ట ఒకటి వేలాడుతోంది. మూలన తెల్లదారంతో గట్టిగా కుట్టి ఉంది. ఒక్కో కాగితం మీద పెన్సిలుతో గీసిన దారులు: ఎడమకు తిరగాలి, నీళ్ళ ట్యాంకు దాటాలి, నీలం గేటు. పైకాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంది: 'నేను లేవలేకపోతే, మీకు కావలసింది చింపుకుని వెళ్ళండి.' గాలికి కట్ట తిరగబడింది. ఒక్క కాగితమూ చిరిగి లేదు.