ఎల్జీ బ్రూటన్ కాలి దరువు

చేపల ఫ్యాక్టరీలో పని దిగి రాగానే ఆర్డెలా బ్రూటన్ రబ్బరు బూట్లు గుమ్మం బయటే విప్పేసేది. ఎంత తోమినా చేతుల నీచు వాసన వదిలేది కాదు. పొద్దుటి బీన్స్ వెచ్చచేసుకుని మొక్కజొన్న రొట్టెతో తిని, వాచిన పాదాలు గోరువెచ్చని నీళ్ళలో పెట్టుకుని కూర్చునేది. రోడ్డుకు అవతల, చర్చి శ్మశానంలో, ఆమె మొగుడు మట్టి కింద కాలితో దరువు వేస్తుండేవాడు.

ఎల్జీ పోయి చాలా ఏళ్ళయింది. బతికున్నన్నాళ్ళూ గిటార్ తగిలించుకుని మిసిసిపీలో ఊరూరా సారా కొట్లలో బ్లూస్ అనే నల్లవాళ్ళ దిగులు పాటలు పాడుతూ తిరిగాడు. పాడుతూ మడమతో నేలను కొట్టేవాడు. పక్కన డ్రమ్ము వాయించేవాడి అవసరమే ఉండేది కాదు. పాతిపెట్టాక కూడా ఆ కాలు ఆగలేదు. ఊళ్ళో ఎవరూ దాని గురించి మాట్లాడుకోలేదు. చర్చి పాటగాళ్ళు మాత్రం ఆదివారం పాట ఎత్తుకునే ముందు కిటికీ తెరిచి ఆ లయ అందుకునేవారు.

బాధంతా ఆర్డెలాది. కంటినిండా నిద్ర లేదు. సమాధి మీద ఏం పెట్టినా నిలవదు. చెక్క శిలువ పాతితే ఒరిగింది. అతను ఆఖరిసారి కాఫీ తాగిన కప్పు ఆనవాయితీ ప్రకారం మట్టి మీద బోర్లిస్తే దొర్లిపోయింది. ప్రతి ఆదివారం వెళ్ళి అన్నీ సర్ది వచ్చేది. బతికున్నప్పుడూ అతని వెనకాల సర్దుకు రావడమే, పోయాకా అదే చాకిరీ.

ఆ వసంతంలో మెంఫిస్ నుంచి బ్లూస్ అభిమానుల సంఘం వాళ్ళు నల్ల గ్రానైట్ రాయి తెచ్చారు. వాళ్ళ తరఫున వచ్చిన మిస్ హెన్లీ మర్యాదస్తురాలు.

"ఇది ఎప్పటికీ ఉంటుంది, మిస్ ఆర్డెలా. పక్కన మీ పేరూ చెక్కిస్తాం. పుట్టిన సంవత్సరం వేసి, రెండోది ఖాళీగా వదిలేస్తాం."

"నా పేరొద్దమ్మా," అంది ఆర్డెలా. "ఆయన పక్కన నాకు చోటుంది, నిజమే. అక్కడ పడుకుంటే ఇంక నాకు నిద్రేది? గ్రీన్‌వుడ్‌లో మా చెల్లెలి చర్చి శ్మశానంలో పాతిపెట్టించుకుంటాను. అక్కడివాళ్ళు పెద్దమనుషులు, కదలకుండా పడుకుంటారు."

చర్చి వ్యవహారాలు చూసే డీకన్ టిల్మన్ పగలబడి నవ్వాడు. రాయి రోడ్డు వైపు పెట్టించింది ఆయనే. కార్లలో పోయేవాళ్ళకి కనపడాలని ఆయన కోరిక. నిలబెట్టి, అందరూ నిమ్మరసం గ్లాసులు అందుకునే లోపే రాయి బోర్లా పడింది. మళ్ళీ లేపారు. మళ్ళీ పడింది.

"డీకన్, నీకు మతి గానీ పోయిందా?" అంది ఆర్డెలా. "ఆఖరి తీర్పు రోజున సమాధుల్లోంచి లేవగానే సూర్యుడు ఎదురుగా ఉండాలని మనవాళ్ళ కాళ్ళు తూర్పుకి పెడతాం కదా! రోడ్డు తూర్పునే ఉందాయె. సరిగ్గా ఆయన మడమ మీద పెట్టించావు రాయి."

"ఆ కార్లు చూస్తూ మర్చిపోయానక్కా," అన్నాడు డీకన్ తల గోక్కుంటూ.

తల వైపుకి మార్చారు. అక్కడా రాయి సన్నగా వణుకుతూనే ఉంది. ఇలా ఊగుతుంటే సిమెంటు పట్టదన్నాడు రాయి పనివాడు. సమాధి మొత్తం మీద కాంక్రీటు పోసేస్తే ఇంక చప్పుడే ఉండదట. అందరూ ఆర్డెలా వైపు చూశారు.

ఆర్డెలాకి కావలసిందీ అదే. అయినా ఊపిరాడకుండా మూసెయ్యమని చెప్పడానికి నోరు రాలేదు. మోకాళ్ళు పట్టుకుని మెల్లగా వంగింది.

"ఎల్జీ, అలిసిపోయానయ్యా. ఇంక ఆపు."

దరువు ఆగిపోయింది. పనివాళ్ళు గబగబా రాయి అడుగున మాత్రం సిమెంటు పోసి దాన్ని నిలబెట్టారు.

"పేరు సంగతి తేల్చమ్మా, పనిముట్లు సర్దేస్తున్నా," అన్నాడు రాయి పనివాడు.

"వద్దన్నానుగా," అంది ఆర్డెలా. ఎల్జీ పక్కన ఖాళీగా ఉన్న తన చోట్లో మడత కుర్చీ వేసుకుని, చెప్పులు విడిచి కూర్చుంది. కూర్చున్నది కూర్చున్నట్టే నిద్రపోయింది. ఆమెను లేపడానికి ఎవరికీ మనసొప్పలేదు.

మెలకువ వచ్చేసరికి ఎండ దిగిపోయింది. అందరూ ట్రక్కు దగ్గర గుసగుసగా మాట్లాడుకుంటున్నారు. ముందు అరికాళ్ళకి తెలిసింది. ఎల్జీ మళ్ళీ దరువు వేస్తున్నాడు. ఆర్డెలాకి ఒళ్ళు మండింది. తలెత్తి రాయి వైపు చూసింది. అది కొంచెం కూడా కదలడం లేదు.

ఇంట్లో ఎవరో నిద్రపోతుంటే వేసినంత మెల్లగా ఉంది ఆ దరువు. తమ పసిపిల్ల జ్వరంతో పడుకున్న రోజున కూడా ఎల్జీ అంత మెల్లగా వాయించి ఎరగడు. రాత్రి డ్యూటీ చేసొచ్చి, కాస్త మెల్లగా వాయించమని ఆమె ఎన్నిసార్లు బతిమాలిందో! ఆర్డెలాకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"ఇప్పటికా నేర్చుకున్నావు," అంది.

ట్రక్కెక్కుతున్న రాయి పనివాణ్ణి కేకేసింది.

"ఆ ఉలి బయటికి తియ్యి నాయనా. నా పేరు కూడా చెక్కు. నేనిక్కడే పడుకుంటాను."