ఎత్తుకొచ్చిన ఇల్లు

బేరమాడటంలో దాలమ్మకు రాయపూర్ రైల్వే కాలనీలో ఎదురులేదు. తెలీబంధాలో చీరల కొట్టతను ఆమె మెట్లెక్కుతుంటేనే చాయ్ తెప్పించేవాడు, ఎలాగూ పూట గడుస్తుందని. అందుకే ఉర్లా కార్ఖానాకు ఇంటి బేరానికి వెళ్తున్నప్పుడు ఆమె మొగుడు భీమారావు, "నానేటీ మాటాడను. అంతా నువ్వే సూసుకో," అన్నాడు.

అతను వ్యాగన్ షాపులో ఫిట్టరు. ఆ నెలాఖరుకు రిటైరవుతున్నాడు, క్వార్టరు ఖాళీ చెయ్యాలి. బీర్‌గావ్‌లో ఎప్పుడో కొన్న చిన్న స్థలం ఉందిగాని, ఇటుకల ఇల్లు లేచేలోగా వానలొచ్చి పడతాయి. అలాంటప్పుడు తగిలాడు సూర్యారావు. గార్డు గురునాథంగారి కొడుకు. రెడీమేడ్ ఇళ్లు చేసే కార్ఖానాలో అమ్మకాలు చూస్తాడు. రేకుల గోడలు, కప్పు, తలుపులు, అన్నీ అక్కడే బిగించేస్తారు. లారీ మీద తెచ్చి క్రేనుతో సిమెంటు అరుగు మీద దింపితే, పొద్దున లేని ఇల్లు సాయంత్రానికి ఉంటుంది.

సూర్యారావు యార్డులో కుర్చీలు వేయించాడు. "పిన్నీ, మీరు గనక లక్షా పదివేలకి ఇస్తన్నాను. సగం ఇప్పుడు, సగం రెండేళ్లు కిస్తుల్లో."

"కిస్తులకి వడ్డీ ఎలగ?"

"అప్పు మొత్తం మీద నూటికి పన్నెండు."

"సగం తీరిపోయాక కూడా మొత్తం మీదేనేటి? తీరిపోయిన అప్పుకి వడ్డీ ఎవుడు కడతాడు బాబూ?"

సూర్యారావు నవ్వి, అది కార్ఖానా యజమాని సేఠ్ పెట్టిన రూల్ అన్నాడు. దాలమ్మ కుర్చీలోంచి లేచింది, కూర్చుంది, మళ్లీ లేచింది. ఎండ నడినెత్తికి వచ్చేసరికి ధర తొంభై అయిదుకు దిగింది, క్రేను కిరాయి కంపెనీ నెత్తిన పడింది. వడ్డీ మాత్రం కదల్లేదు.

"ఒక నెల కిస్తు ఆలీసమైందనుకో?"

"మనలో మనకేంటి పిన్నీ. మాటాడుకుందాం."

ఆమె ఇంకా తటపటాయించడం చూసి అతను గొంతు తగ్గించాడు. "అరవైకే ఇంకోటుంది. ఆర్నెల్లు వాడినదే. ఆ పార్టీ వద్దనుకుంది. సూస్తారా?"

ఆ ఇల్లు యార్డు చివర, రేకుల గుట్టల వెనక ఉంది. తలుపు తోస్తే ముక్కిన వాసన గుప్పుమంది. లోపల సామాను సామానుగానే ఉంది. పొయ్యి మీద గిన్నె, దండెం మీద చీర. చాప మీద సగం కుట్టిన పసిబిడ్డ బొంత, సూది దానికే గుచ్చి ఉంది.

"సామాను తీసుకెల్లనేదేటి వాల్లు?" అంటూ దాలమ్మ గూట్లో చెంబు అందుకుంది. అడుగున చుక్కలతో పేరు కొట్టించి ఉంది: బి. వరహాలమ్మ.

ఆమె చెంబును వెలుతురుకి తిప్పి మళ్లీ చదివింది. వరహాలమ్మ టెక్కలి మనిషి. మొగుడు పోయాక గంపలో ఎండుచేపలు పెట్టుకుని కాలనీలో అమ్మేది. దాలమ్మను వదినా అని పిలిచేది. కొన్నాళ్లుగా కనబడకపోతే సొంతూరు వెళ్లిపోయిందనుకున్నారందరూ.

"ఇది వరాలమ్మ ఇల్లు," అంది దాలమ్మ.

సూర్యారావు కిటికీలోంచి బయటికి చూశాడు. "రెండు కిస్తులు కట్టలేదు పిన్నీ. ఆఖరి కిస్తు దాకా ఇల్లు కంపెనీదే, ఆవిడ ఒప్పుకుని వేలిముద్ర వేసింది. కూతురు పురిటికని ఆరంగ్ వెళ్లి కూచుంది. సేఠ్ ఎత్తుకు రమ్మన్నాడు."

"ఇంట్లో మనిషి నేనప్పుడు ఇల్లెత్తుకొచ్చినారా?"

దాలమ్మ ఆ చాప పక్కనే కూలబడింది. ఇంట్లో దొంగలు పడ్డారని విన్నది, ఇల్లు తగలబడిందని విన్నది. ఇంటికి ఇల్లే లేకుండా పోవడం ఆమె బుద్ధికి అందలేదు.

అప్పుడు భీమారావు మెల్లగా అన్నాడు: "అరవైకే అంటన్నాడు కదే. మనం ఒద్దంటే ఇంకోడు కొంతాడు."

ఆమె మొగుడి ముఖంలోకి చూసింది. ఇన్నేళ్లు తను అన్నం పెట్టిన మనిషి ముఖమే, ఎక్కడా చూసినట్టు లేదు. ఆ చూపుకు అతను తలదించుకుని బయటికి నడిచాడు.

వరహాలమ్మ సొంతూరు వెళ్లనే లేదు. బీర్‌గావ్‌లో తన స్థలంలోనే ఉంది. ఉత్త సిమెంటు అరుగు, ఓ మూల నాలుగు కర్రల మీద టార్పాలిన్. సూర్యారావు దగ్గర అడ్రసు పట్టుకుని దాలమ్మ, భీమారావు వెళ్లేసరికి అరుగు ఊడుస్తోంది.

"ఆరంగ్ బస్సు దిగి వొచ్చినాను వొదినా," అంది, చీపురు వదలకుండానే. "ఈది తప్పినాననుకున్నాను. ఎనక్కెల్లి మల్లీ వొచ్చినాను. ఇది ఏ ఈదని పక్కింటోల్లని అడిగినాను. నాకు మతి పోయిందనుకున్నారు. అరుగు మీద నా ముగ్గు సూసి అప్పుడు తెలిసింది."

"మాకెందుకు సెప్పనేదు?"

"ఏటని సెప్పను? ఇల్లు పోయిందని ఎవులైనా అంతారా?"

భీమారావు వెనక్కి తిరిగి ముఖం తుడుచుకున్నాడు.

మర్నాడు దాలమ్మ సేఠ్ గదిలో కూర్చుంది. తన ఇంటి ఊసే ఎత్తలేదు, వరహాలమ్మ ఇల్లు తిరిగిమ్మంది. బాకీ పడ్డ రెండు కిస్తులతో పాటు ఎత్తుకొచ్చినందుకు, తిరిగి దింపేందుకు కూడా క్రేను కిరాయి వరహాలమ్మే ఇవ్వాలన్నాడు సేఠ్. తన ఇల్లు తననుంచి మోసుకుపోయినందుకు కూలి. దాలమ్మ నోరు ఆగలేదు. రైల్వే కాలనీలో ప్రతి గుమ్మం ఎక్కి ఈ కథ చెప్తానంది, తెలుగులో, వచ్చీరాని హిందీలో. సేఠ్ ఒకవైపు కిరాయి వదిలేశాడు. మిగతాది, కిస్తులతో సహా, వెంట వచ్చిన భీమారావు జేబులోంచి తీసి బల్ల మీద పెట్టాడు. ఎవరూ అడగకముందే పెట్టాడు.

వాళ్లు రెడీమేడ్ ఇల్లు కొనలేదు. గడువు దాటినందుకు క్వార్టరుకు జరిమానా అద్దె కట్టుకుంటూ వానలు వెళ్లేదాకా ఉండి, ఒంటి గది ఇటుకలతో లేపుకున్నారు.

వరహాలమ్మ ఇల్లు తిరిగొచ్చిన రోజు వీధంతా చేరింది. గాలిలో ఊగుతూ దిగుతున్న ఇంటిని ఆమె నోట్లో కొంగు కుక్కుకుని చూసింది. దింపాక లోపలికి వెళ్లలేదు. దాలమ్మే ముందు వెళ్లి బూజు పట్టిన గిన్నె తోమి, పొయ్యి వెలిగించి, చాయ్ పెట్టింది. చీకటి పడ్డాక వరహాలమ్మ గుమ్మం దాటింది.

ఆ తర్వాత ఎండుచేపల గంప ఎత్తలేదు. అప్పడాలు, వడియాలు పెట్టి ఇంటి దగ్గరే అమ్మేది. మనవణ్ని చూడ్డానికి ఆరంగ్ వెళ్లేది కాదు. కూతురే పిల్లాణ్ని తెచ్చి చూపించేది. ఆఖరి కిస్తు తీరేదాకా ఆమె బజారుకు వెళ్లాలంటే, దాలమ్మ వచ్చి ఆ ఇంట్లో కూర్చోవాల్సిందే.