బాగున్న లిఫ్టు

అద్దె ఇల్లు చూడ్డానికి వెళ్లిన మనిషి ఏం చూడాలి? కుళాయి తిప్పి నీళ్లొస్తున్నాయో లేదో చూడాలి. గోడ మీద చెయ్యి వేసి చెమ్మ ఉందేమో చూడాలి. పక్కింటివాళ్లు ఎలాంటివాళ్లో మాటల్లో పెట్టి లాగాలి. మన లిఫ్టు మెకానిక్ ఐదో అంతస్తులో ఇల్లు చూసొస్తానని వెళ్లి వీటిలో ఏ ఒక్కటీ చేయలేదు. కాపలాదారుతో మాట కలిపి, ఆ మేడ లిఫ్టును పైనుంచి కిందిదాకా పరీక్ష చేసి, చేతులు దులుపుకుని వచ్చేశాడు.

“వంటింటి కిటికీ ఎటువైపుందండీ?” అని అడిగింది భార్య.

మెకానిక్ నీళ్లు నమిలాడు.

“అసలు కిటికీ ఉందా?”

“ఉండే ఉంటుందిలే. కిటికీ లేకుండా వంటిల్లెవరు కడతారు?”

“ఒరేయ్, నువ్వసలు గడప దాటి లోపలికెళ్లావా?” అంది అక్క. తమ్ముడు తల గోక్కోవడం చూసి ఆమెకు సంగతి అర్థమైపోయింది. పొట్ట పట్టుకుని నవ్వింది. “కాపురం ఇంట్లో పెడతావా, లిఫ్టులో పెడతావా?”

లిఫ్టు ఎందుకు చూశావని ఎవరైనా అడిగి ఉంటే చెప్పేవాడేమో. ఎవరూ అడగలేదు. భార్య మాత్రం నవ్వకుండా, “ఎందుకండీ ఆ ఎత్తులు మనకి. ఆ సందులో కింది ఇల్లే తీసుకుందాం,” అని లేచి వెళ్లిపోయింది.

మెకానిక్‌కు కొత్త ఉద్యోగం రావడంతో మొగుడూపెళ్లాలిద్దరూ ఈ ప్రాంతానికి వచ్చి, అక్క ఇంటి ముందుగదిలో సామాను పేర్చుకుని ఉంటున్నారు. అక్క వెళ్లమనే రకం కాదు. అయినా ఎన్నాళ్లని ఒకరింట్లో మంచాల మధ్యనుంచి పక్కకి తిరిగి నడుస్తారు? వెతగ్గా వెతగ్గా రెండిళ్లు మిగిలాయి. ఒకటి సందులో నేలమీది ఇల్లు, రెండోది ఈ ఐదో అంతస్తుది. రెండిళ్లవాళ్లూ ఎదురుచూస్తున్నారు. రేపు సాయంత్రానికల్లా ఏదో ఒకటి తేల్చి చెబుతామని అక్క ఇద్దరికీ మాటిచ్చేసింది.

మెకానిక్ భార్యది రఫూ పని. చిరిగిన కోటుకో శాలువాకో దారం పోగులు అల్లి, అక్కడ చిరుగు ఉండేదంటే సొంతదారే నమ్మనట్టు పూడ్చేస్తుంది. ఆ పనికి సూది ఎంత అవసరమో పగటి వెలుతురు అంత అవసరం. పాత ఊళ్లో వరండాలో కూర్చుని కుట్టేది. ఒక్కసారి ముసురు పట్టి, బల్బు కింద కూర్చుని నీలం కోటుకు నల్ల దారం వేసేసింది. కోటాయన అది తొడుక్కుని ఎండలోకి వెళ్లి, వెళ్లినంత వేగంగానూ తిరిగొచ్చాడు. ఆ రోజు ఆమె అన్నం తినలేదు. ఇక్కడ బజారులో లాండ్రీ నడిపే ఆవిడ ఒక కోటిచ్చి, “ఇది బాగా చేసిస్తే నా దుకాణం పనంతా నీకే,” అంది. కోటు ఇంకా మడత విప్పకుండా అలాగే ఉంది. అక్క ఇంట్లో వెలుతురున్న చోటల్లా ఎవరో ఒకరు నిలబడే ఉంటారు. వెలుతురు లేని ఇంట్లో చేరితే ఈ ఊళ్లో ఆమెకు పని లేనట్టే.

మరి అంత తెలిసిన మనిషి కింది ఇల్లే కావాలని ఎందుకు పట్టుబడుతోంది? దీనికి జవాబు మెకానిక్‌కు సగం తెలుసు. ఆమె లిఫ్టు ఎక్కదు. పెళ్లయినప్పటినుంచీ ఎక్కలేదు. ఆసుపత్రికి వెళ్లినా, చుట్టాలింటికి వెళ్లినా, “మీరు పదండి, నేనొస్తా,” అని మెట్లవైపు తిరుగుతుంది. జవాబులో రెండో సగం, అంటే ఎందుకు ఎక్కదన్నది, ఇప్పటికీ అతనికి చిక్కలేదు. రకరకాల యంత్రాల రోగాలు చెవితో విని చెప్పగల మనిషికి పక్కనున్న మనిషి సంగతి అంతుపట్టకపోవడం చిన్నతనంగానే ఉండేది.

ఆరా తీయకుండా ఏమీ లేడు. ఎత్తంటే భయమేమో అనుకున్నాడు. ఆమె డాబా పిట్టగోడ మీద కూర్చుని కాళ్లూపుతూ జుట్టు ఆరబెట్టుకునే రకం. ఇరుకంటే భయమేమో అనుకున్నాడు. మంచం కింద దూరి పోయిన సూది కోసం గంటసేపు వెతికి, పాట పాడుకుంటూ బయటికొచ్చింది. చీకటన్నా లెక్కలేదు. ఆ సాయంత్రం గిన్నెలు తుడుస్తున్న అక్క దగ్గర చేరి తన గోడు వెళ్లబోసుకున్నాడు.

“నీ పని మీద నమ్మకం లేదేమోరా,” అంది అక్క, ఆటపట్టించడానికే.

మాట ఆటదే గానీ సూటిగా వెళ్లి గుచ్చుకుంది. ఎందుకంటే అతను లోలోపల ఎన్నాళ్లుగానో అనుకుంటున్నదీ అదే. ఊరంతా తన లిఫ్టులు ఎక్కి దిగుతుంటే, కట్టుకున్న మనిషి మెట్లెక్కి రొప్పుతూ వస్తుంటే ఎవరికి బాధ ఉండదు? అడిగితే అవునంటుందేమోనని భయం. అందుకే అడగలేదు.

మర్నాడు పొద్దున ఇద్దరూ ముందు కింది ఇంటికి వెళ్లారు. ఇంటాయన పెద్దమనిషి. తలుపు తీస్తూనే ఇంకా నోరు విప్పకముందే స్విచ్చు వేశాడు. పది గంటలప్పుడు లైటెందుకా అని మెకానిక్ కిటికీ తెరిచి చూశాడు. చెయ్యి చాస్తే అందేంత దగ్గర్లో పక్కింటి గోడ ఉంది.

“ఎండ పొడ పడదండీ. మిట్టమధ్యాహ్నం కూడా చల్లగా ఉంటుంది,” అన్నాడు ఇంటాయన గర్వంగా.

“బాగుందండీ,” అంది ఆమె. కానీ చేతులు ఊరుకోలేదు. సంచిలోంచి రెండు దారం ఉండలు తీసి కిటికీ దగ్గర పెట్టి అటూ ఇటూ తిప్పింది. “ఇందులో నలుపేది, నీలమేది?” అని మొగుణ్ని అడిగింది. అతను కుడిచేతిది నీలమన్నాడు. తనకీ అలాగే ఉందంది. ఇద్దరూ సందులోకి వచ్చి చూసుకున్నారు. కుడిచేతిది నలుపు. ఆమె ఉండలు రెండూ సంచిలో వేసుకుని, “అలవాటవుతుందిలెండి,” అంది. ఆ మాట ఆమె గొంతులోంచి వచ్చినట్టే లేదు.

“ఆ రెండోది కూడా చూసి చెబుదాం,” అన్నాడు మెకానిక్.

“చూసి ఏం లాభం?”

“చూస్తే ఏం నష్టం?”

పై ఇంటి సొంతదారు మామ్మగారు కింది అంతస్తులోనే ఉంటుంది. తాళంచెవి ఇచ్చి, “లిఫ్టు అటుంది నాయనా,” అంది. భార్య అప్పటికే మెట్లెక్కుతోంది. మెకానిక్ కూడా నోరు మూసుకుని వెనకాలే ఎక్కాడు. ప్రతి మలుపులోనూ ఆగి, మోకాళ్ల మీద చేతులానించి, ఊపిరి తీసుకుని, మళ్లీ ఎక్కింది. కోట్ల మూటలు మోసుకుంటూ రోజూ ఇలా ఎక్కడమనేది జరిగే పని కాదని ఇద్దరికీ తెలుస్తూనే ఉంది.

తలుపు తీశారు. ముందుగదిలో గోడంత కిటికీ. వెలుతురు ఆ చివరి గోడదాకా పరుచుకుని ఉంది. ఆమె చెప్పులు విప్పడం కూడా మరిచిపోయి కిటికీ దగ్గరికి నడిచింది. దారం ఉండలు మళ్లీ బయటికొచ్చాయి. నలుపు నలుపుగా ఉంది, నీలం నీలంగా ఉంది. సంచిలోంచి లాండ్రీ ఆవిడ కోటు కూడా తీసి, దాని అంచు చిరుగును వేలి మీద పరుచుకుని, “ఏవండీ, ఇది ఉత్త నీలం కాదు! లోపల ఊదా పోగు కలిసుంది. ఇప్పటిదాకా కనపడనే లేదు చూడండి,” అని కేకేసింది. ఆ గొంతు విని ఎన్నాళ్లయిందో. మెకానిక్ ప్రాణం లేచొచ్చింది.

అంతలోనే ఆమె కోటు మడతపెట్టేసింది. “పదండి. కింది ఇంటాయనకి చెప్పేద్దాం.”

ఇక మెకానిక్ ఉగ్గబట్టుకోలేకపోయాడు.

“నీకెందుకు భయం? లిఫ్టుకి తాడు ఒకటే ఉంటుందనుకుంటున్నావా? నాలుగైదుంటాయి. ఒకటి తెగినా...”

“తెగుతాయన్నమాట.”

“తెగవు! ఒకవేళ తెగినా, వేగం మీరగానే పట్టేసే గవర్నరని ఒకటుంటుంది.”

“అది పట్టకపోతే?”

“పడుతుంది. పట్టకపోయినా కింద గుంతలో స్ప్రింగులుంటాయి.”

“పడిపోతుందనేగా కింద స్ప్రింగులు పెట్టింది?”

ఆమె వెటకారానికి అడగడం లేదు. నిజంగానే అడుగుతోంది. మెకానిక్‌కు గాలి తీసేసినట్టయింది. చెప్పేకొద్దీ ఆమె మొహం పాలిపోతోంది.

“నా పని మీద నీకు నమ్మకం లేదు. అంతేనా?” అని అనేశాడు. ఇన్నేళ్లూ దాచుకున్న మాట అంత తేలిగ్గా ఎలా బయటపడిందో అతనికే తెలియలేదు.

ఆమె తెల్లబోయింది. “అయ్యో, అదేం మాటండీ! మీ మీద నమ్మకం లేకపోవడమేంటి? మీరు చెప్పింది నమ్మబట్టేగా ఎక్కనిది!”

“నేనేం చెప్పాను?”

“ఏం చెప్పలేదు? రోజూ భోజనానికి కూర్చోగానే మొదలెడతారుగా. ఫలానా చోట తాడు పోగులు లేచిపోయాయి. ఇంకోచోట బ్రేకు జారుతోంది. ఎక్కడో తలుపు తెరుచుకుందిట గానీ లిఫ్టు రాలేదుట. బ్యాంకు లిఫ్టులో ఎవరో ఇరుక్కుని ఏడ్చారు. ఆసుపత్రిది రెండంతస్తుల మధ్య ఆగింది. మీరు ముద్ద కలుపుకుంటూ చెప్పేసి, చెయ్యి కడుక్కుని హాయిగా నిద్రపోతారు. నాకవన్నీ గుర్తుంటాయి. పెళ్లయినప్పటినుంచీ వింటున్నాను. ఒక్కరోజన్నా, ఈ రోజు ఒక లిఫ్టు చూశాను, అది బాగుంది అని చెప్పారా?”

మెకానిక్ నోరు తెరిచాడు. చెప్పడానికి ఒక్కటన్నా దొరుకుతుందేమోనని వెనక్కి, ఇంకా వెనక్కి వెళ్లి వెతుక్కున్నాడు. దొరకలేదు. ఖాళీ గది మధ్య నేలమీద చతికిలబడ్డాడు.

“బాగున్న లిఫ్టు దగ్గరికి నన్నెవరు పిలుస్తారే?” అన్నాడు చివరికి, నీరసంగా.

తప్పు ఎవరిదని చెబుతాం? రోగుల్నే చూసే డాక్టరు ఇంటికొచ్చి రోగాల గురించే మాట్లాడతాడు. భార్య ముద్ద ముద్దకీ ఊ కొడుతుంటే మెచ్చుకోలనుకున్నాడే గానీ, ఆ ఊ వెనకాల ఆమె బిక్కచచ్చిపోతోందని అతనికేం తెలుసు? తెలియకపోయినా సిగ్గేసింది. తన పనిమీద అభిమానంతో చెప్పుకున్న మాటలే ఆమెను ఇన్ని మెట్లెక్కించాయి.

ఆమె కూడా వచ్చి ఎదురుగా కూర్చుంది. “మరి నిన్న ఇల్లు చూడమంటే, ఈ లిఫ్టెందుకు చూసొచ్చారు? దీనికేం జబ్బని?” ఆ అడగడంలో కోపం లేదు, తెలుసుకోవాలనే ఉంది.

“జబ్బని కాదు. నువ్వెక్కుతావేమోనని.”

“నేనా?”

“బయటినుంచి కిటికీలు చూశాను. వెలుతురు బాగా వస్తుందని అక్కడే తెలిసిపోయింది. ఇక నువ్వెక్కడమొక్కటే మిగిలింది. దీనిలో ఏ చిన్న లోపమున్నా నీకు ఈ ఇంటి మాటే చెప్పకూడదనుకున్నాను. మోటారు చూశాను, తాళ్లు వేళ్లతో తడిమాను, గుంతలోకి దిగాను.”

“ఏం దొరికింది?”

“ఏమీ దొరకలేదు.”

“ఏమీ?” అంది ముందుకు వంగి.

“ఏమీ లేదు. తాళ్లు కొత్తవి. బ్రేకు సరిగ్గా ఎక్కడ పట్టాలో అక్కడే పడుతోంది. తలుపు మధ్య ఆకు పెట్టినా తెరుచుకుంటోంది. ఎవరో శ్రద్ధగల మనిషి చూసుకుంటున్నాడు దీన్ని. వాడెవడో గానీ వాణ్ని చూస్తే చెయ్యి కలపాలనుంది.”

ఆమె ఇంకా చెప్పమన్నట్టు చూసింది. అతను ఇంకా చెప్పాడు. నడుస్తున్నప్పుడు చప్పుడెలా ఉంటుందో, ఆగేటప్పుడు కాళ్లకింద ఏమీ తెలియకుండా ఎలా ఆగుతుందో చెప్పాడు. ఇలా చెప్పడం అతనికి అలవాటు లేదు గనక మాటలు వెతుక్కుంటూ చెప్పాడు. ఆమె ఈసారి ఊ కొట్టకుండా విన్నది.

ఇద్దరూ మెట్లు దిగి కిందికొచ్చారు. ఆమె లిఫ్టు ముందు ఆగింది. మెకానిక్ గబగబా తలుపు తెరవబోయాడు.

“మీరొద్దు,” అంది.

“అదేంటి?”

“మీరు పక్కనుంటే నేను మీ మొహమే చూస్తుంటాను. మీరేమో ఏ చిన్న చప్పుడుకైనా చెవులు రిక్కిస్తారు. అది చూసి నేను హడలి చస్తాను. ఒక్కదాన్నే వెళ్తాను. తాళంచెవి ఇలా ఇవ్వండి.”

లోపలికి వెళ్లింది. కోటు సంచిని గుండెలకి హత్తుకుని, వేలు చాచి మీట నొక్కింది. తలుపులు మూసుకున్నాయి.

తలుపు పైన అంకె ఒకటి అయింది. మెకానిక్ నవ్వుకున్నాడు. రెండు అయింది. నవ్వు ఎక్కడికి పోయిందో పోయింది. రెండో అంకె వెలిగే ఉంది. ఇంకా వెలిగే ఉంది. ఇంతసేపుండాలా? బ్యాంకు లిఫ్టు గుర్తొచ్చింది. రెండంతస్తుల మధ్య ఆగినది గుర్తొచ్చింది. నిన్న తాళ్లు తడిమినప్పుడు వెనకవైపు తాడు చివరిదాకా చూశాడా? చూశాడు. నిజంగా చూశాడా? తన చేత్తో బాగుచేసి ఎంతమందిని పైకి పంపించాడో అతనికి లెక్కే లేదు. తన మనిషిని పంపడం ఇదే మొదటిసారి. మూడు వెలిగేదాకా అక్కడ నిలబడలేక మెట్లకేసి పరుగు తీశాడు. రెండేసి మెట్లు దూకుతూ, మలుపులో మోచెయ్యి గోడకి కొట్టుకుని, ఎవరో తలుపు తీసి “ఏమైందండీ?” అంటే జవాబైనా ఇవ్వకుండా ఎక్కాడు.

ఐదో అంతస్తు తలుపు బార్లా తీసి ఉంది. ఆమె అప్పటికే కిటికీ కింద చతికిలబడి, కోటు ఒళ్లో పరుచుకుని, దాని లోపలి మడతలోంచి లాగిన ఊదా పోగును సూదిలోకి ఎక్కిస్తోంది. కళ్లు మెరుస్తున్నాయి. గుమ్మం పట్టుకుని ఎగశ్వాస తీస్తున్న మొగుణ్ని చూసి సూది కిందపెట్టింది.

“ఇదేం చోద్యమండీ! మెట్లెక్కొచ్చారా?”

అతను తలూపాడు.

“లిఫ్టు బాగుందన్నారుగా?”

“బాగుంది,” అన్నాడు రొప్పుతూ.

“మరెందుకు పరిగెత్తారు?”

“లోపల నువ్వున్నావుగా.”

ఆమె ఫోను తీసి, “వదినా, ఐదో అంతస్తుదే ఖాయం చేశాం. కింది ఇంటాయనకి మీరే ఏదో ఒకటి సర్దిచెప్పండి,” అంది.