చెదిరిన వేళ్లు

వెర్నా ఒక చేత్తో కెమెరా అద్దం తుడుస్తూ, రెండో చేత్తో చల్లారిన కాఫీ తాగేస్తోంది. రోచెస్టర్ బధిరుల క్లబ్బులో ఏళ్ల తరబడి ఆమె పని ఇదే. పెళ్లిళ్లు, చావులు, పేకాట పోటీలు వీడియో తియ్యడం, కత్తిరించి అతికించడం. బీరువాలో రెండు కెమెరాలున్నాయి. పాతది, టేపుది, ఇటుకంత బరువు. పైగా తీసినంతసేపూ మళ్లీ కూర్చుని కంప్యూటరులోకి ఎక్కించాలి. కొత్తది అరచేతిలో ఇముడుతుంది, వైరు గుచ్చితే చాలు. రాత్రంతా భుజం సలిపింది. కొత్తదే సంచిలో పడేసుకుంది.

ఎమ్మెట్ ఎనభై దాటినవాడు. గుండె ఇక ఎన్నాళ్లో లాగదని డాక్టరు చెప్పేశాడు. కుర్రతనంలో అతను పనిచేసిన ప్రెస్సు తగలబడింది. గంట మోగినా వినపడని స్నేహితులు లోపలే ఉండిపోయారు. వాళ్ల రాతపేర్లు సమాధుల మీద ఉన్నాయి. చేతిపేర్లు, అంటే ఒకరికొకరు పెట్టుకున్న సైగలు, ఎమ్మెట్ వేళ్లలోనే మిగిలాయి. వాటిని తియ్యడానికే వెర్నా ఆ పొద్దున అతనింటికి వెళ్లింది.

“దీంతో గడ్డం గీసుకుంటావా, నన్ను తీస్తావా?” అన్నాడు ఎమ్మెట్ ఆ బుల్లి కెమెరా చూసి, చేతులతో.

“కదలకుండా కూర్చో పెద్దాయనా. ముఖం కూడా పడాలి.”

“నా ముఖం ఎవడిక్కావాలి పిల్లా. వాళ్లని పడనివ్వు.”

చూపుడువేలు చెవి దగ్గర ఆడింది. చిటికెనవేలు చెంపని గీరి ఎగిరిపోయింది. ఒక్కొక్కరికీ ఒక్కో విదిలింపు, రెప్ప వేసేలోపే. చివరికి చేతులు ఒళ్లో పడేసి ఆయాసపడ్డాడు.

మధ్యాహ్నం క్లబ్బులో, ఎక్కడ కత్తిరించాలో చూద్దామని కంప్యూటరులో బొమ్మ ఆపింది. వేళ్లు లేవు. మణికట్టు చివర గళ్లుగళ్లుగా మసక. వెనక్కీ ముందుకీ జరిపింది. అంతా అదే. టేపు ప్రతి క్షణాన్నీ నిండు బొమ్మగా దాస్తుంది. ఈ చిన్నది చోటు కలిసొస్తుందని అప్పుడొకటీ ఇప్పుడొకటీ దాచి, మధ్యలోది ఉజ్జాయింపుగా పూడ్చేస్తుంది. పెళ్లిళ్లలో కేకు కొయ్యడం తీసినప్పుడైతే ఎవరూ పట్టించుకోలేదు. ఈ సంగతి తనకి తెలియనిది కాదు.

ఎమ్మెట్‌కి ఫోనులో రాసింది: “చెడిపోయింది. నాదే తప్పు. ఇంకోసారి చెప్తావా?”

“చచ్చినవాళ్లని ఒక్కరోజే రెండుసార్లు పిలిస్తే తిడతారే. సాయంత్రం రా. కాస్త పడుకుని లేస్తాను.”

సాయంత్రం టేపు కెమెరా మోసుకుని మంచులో నడిచింది. తలుపు పక్కన మీట నొక్కితే, గంటకి బదులు లోపల దీపం వెలిగి ఆరుతుంది. వెలిగింది, ఆరింది. మళ్లీ నొక్కింది. చాలాసేపటికి అతని చెల్లెలు హిల్డా తలుపు తీసింది. తల అడ్డంగా ఊపి, పక్కకి తప్పుకుంది.

మంచం మీద దుప్పటి ముఖం దాకా కప్పి ఉంది. వెర్నా కెమెరా నేల మీద పెట్టి, చూపుడువేలు తన చెవి దాకా తీసుకెళ్లింది. తమ్మె మీదా, వెనకా? ఒకసారా, రెండుసార్లా? గుర్తు రాలేదు. చెయ్యి దించేసింది.

కుర్చీ వీపుకి, వేళ్లు బాగా కనబడాలని ఎమ్మెట్ సాయంత్రానికి తీసిపెట్టుకున్న ముదురు నీలం చొక్కా, ఇస్త్రీ మడత చెదరకుండా, పై గుండీ విప్పి వేలాడుతోంది.