చెవి కోసి తెస్తేనే నమ్ముతారు

ఈ జిల్లాలో గంగరాజుకి ఎదురుచెప్పిన ఆఫీసరు పుట్టాడా, పుట్టలేదు, రేపు రైసుమిల్లు పక్క టీకొట్లో కథ ఇక్కణ్ణుంచే ఎత్తుకోవాలి, బల్ల గుద్దాననాలి, ఆ గుద్దుకి ఫ్యాను ఆగి వెనక్కి తిరిగిందనాలి, అనుకుంటూ కాకినాడ నుంచి మండపేట వెళ్ళే బస్సులో ఇరుక్కుని కూర్చున్నాడే గానీ ముక్కు మీంచి కండువా తియ్యబుద్ధి కావటం లేదు గంగరాజుకి, బస్సులో కంపేమీ లేదు, కంపంతా ఆ ఫ్యాక్టరీ పనివాళ్ళ ఇన్సూరెన్సు ఆఫీసులోదే, అగరొత్తులు వెలిగించిన గదిలో చచ్చిన గేదె కంపు ఎక్కణ్ణుంచొచ్చిందో, పక్కన కోడలు నాగదుర్గ జబ్బ మీద దూది అదుముకుంటోంది, నొప్పిగా ఉందా అమ్మా అంటే లేదు మావయ్యగారూ అంటుంది, పొద్దున గుండె మందుల కోసమని చెప్పింది, మీ అబ్బాయికి ఫ్యాక్టరీలో డ్యూటీ, తోడు రండి అంటే వచ్చాడు, తీరా అక్కడ ఆఫీసరు డాక్టరు చీటీ ఎత్తిపట్టుకుని ఏంటమ్మా ఇది, పిల్లలు పుట్టకుండా వేయించుకునే ఇంజెక్షనా, అని హాలంతా వినబడేలా అరిస్తే గానీ మామగారికి సంగతి తెలియలేదు, అందరూ తలలు తిప్పి చూశారు, ఒకడు నవ్వాడు కూడా, నాగదుర్గ తలొంచుకునే చెప్పింది, గుండె కవాటం పాడైందండి, రెండో కాన్పులో చచ్చి బతికానండి, మళ్ళీ కడుపొస్తే దక్కనన్నారు, మత్తిచ్చి ఆపరేషను చెయ్యడానికీ డాక్టరమ్మగారు భయపడుతున్నారు, ఇక ఈ సూదే గతండి, మగాడికైతే చిన్న కోతతో పోతుంది, మా అబ్బాయి హరిబాబున్నాడే, కత్తెర పేరెత్తితే పెరట్లోకి పరిగెత్తే రకం, థూ, ఆఫీసరేమో కిళ్ళీ నములుతూ, ఇది జబ్బు కాదు కదమ్మా, దీనికివ్వం, కడుపొస్తే రండి, కాన్పుకిస్తాం, ఆస్పత్రిలో పడినా ఇస్తాం, అన్నాడు, ఆ ఎర్రటి నోరు,

అచ్చం గేదెల బీమావాడి నోరు, గొంతువాపు టీకాకిస్తారా అంటే ఇవ్వం, చస్తే ఇస్తాం అన్నాడు వాడూ, అన్నట్టే చచ్చింది చూడిగేదె, మా ఆవిడ అచ్చాయమ్మ ఏడుస్తూ దానికి పసుపు రాసి బొట్టు పెట్టింది, ఇంటి మనిషిలా సాగనంపి చేలో పూడ్చాడు, చెవికి బీమావాళ్ళు వేసిన బిళ్ళ సంగతి ఇద్దరికీ గుర్తులేదు, బిళ్ళతో సహా చెవి కోసి తెస్తేనే నమ్ముతామన్నారు, మళ్ళీ తవ్వాడు, పార మెత్తగా దిగింది, ఆ వాసనకి ఎన్నాళ్ళో అన్నం సయించలేదు, చావకుండా చూసుకుంటామంటే పైసా రాల్చరు, చచ్చాక సంచి విప్పుతారు వీళ్ళు, గేదైనా అంతే, కోడలైనా అంతే, ఛీ,

ఆ చెవినే ఇవాళ సంచిలోంచి తీసి ఆఫీసరు కిళ్ళీడబ్బాలో పెట్టాననాలి, కుర్చీతో సహా వెల్లకిలా పడ్డాడనాలి, అప్పుడు నేను లేచి, కడుపొస్తే గుండె ఆగుతుందన్నారండి, ఆగాక రమ్మంటారా, అని అడిగాననాలి, ఆ ప్రశ్నకి కిళ్ళీ నమిలే నోరు ఆగిన మాట నిజం, నవ్వినవాడు నేలచూపులు చూసిన మాట నిజం, పై ఆఫీసుకి రాస్తానమ్మా అని ఆఫీసరు గొణిగిన మాటా నిజం, రామచంద్రపురం దాటాక నాగదుర్గ దూది కిటికీలోంచి పారేసింది, ఆయన రాయడు మావయ్యగారూ, పై ఆఫీసు విశాఖపట్నంలో ఉందంట, నేనే వెళ్ళి అడుగుతాను, ఇవాళ చేతి డబ్బులు పోసి వేయించుకున్న సూది పవరు అయిపోయేలోగా తేలాలి, నాకొక్కదానికే కాదు, మా ఫ్యాక్టరీ ఆడవాళ్ళందరికీను, మీరొస్తారా, అంది, వస్తానమ్మా, నోరు నీది, కండువా నాది, అంటే కిసుక్కున నవ్వింది,

ఏ ఆఫీసరూ గంగరాజుకి ఎదురుచెప్పలేదు, నిజమే, గంగరాజు నోరు విప్పితే కదా, కండువా ముక్కుకి అడ్డం పెట్టుకుని ఫ్యానుకేసి చూస్తూ కూర్చున్నాడు, అది తిరగాల్సిన వైపే తిరిగింది, సంచిలో చెవీ లేదు చెక్కా లేదు, అవి కోతలని టీకొట్లో అందరికీ తెలుసు, విని నవ్వుకుంటారు, ఎవరికీ తెలియకుండా అతుకుదామనుకున్న అబద్ధం ఒక్కటే, ఆ ప్రశ్న అడిగింది తనేనని, అడిగింది తలెత్తి నిలబడ్డ నాగదుర్గ, ఆ గొంతు ఆమెది, రేపు కథ అక్కణ్ణుంచే ఎత్తుకోవాలి.